జన్యువు పని మొదలయ్యే చోట కాపలా ఎవరిది?

మన పెద్దపేగులో కాపురముండే ఈ.కోలై అనే బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. అంటే మిల్లీమీటరు నిడివిలో అయిదు వందల బ్యాక్టీరియాలు వరసగా పడతాయి. అంత చిన్న ఒంట్లో ఉన్న డీఎన్‌ఏని చిక్కు తీసి సాగదీస్తే మాత్రం ఒకటిన్నర మిల్లీమీటర్లు దాటుతుంది. అందులో 46 లక్షల పైచిలుకు అక్షర జతలు, ప్రొటీన్ల తయారీకి సూచనలిచ్చే జన్యువులు సుమారు 4,300 ఉన్నాయి. ఏ క్షణంలో చూసినా వీటిలో కొన్ని జోరుగా పనిచేస్తుంటాయి, కొన్ని నామమాత్రంగా, ఇంకొన్ని దాదాపు ఏ పనీ లేకుండా ఉంటాయి. బ్యాక్టీరియాకు మెదడు లేదు, నరాలు లేవు, కణంలో కేంద్రకం కూడా లేదు. మరి ఏ జన్యువు ఎప్పుడు పనిలోకి దిగాలో తేల్చేదెవరు?

ఒక్క జన్యువును పట్టుకుని చూస్తే సంగతి తేలిగ్గా తెలుస్తుంది. పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. దీన్ని విరగ్గొట్టే ఎంజైము పసిపిల్లల చిన్నపేగులో పుష్కలంగా ఉంటుంది. పెద్దయ్యాక చాలామందిలో, మన దక్షిణాది వాళ్లలో మరీ ఎక్కువమందిలో, అది బాగా తగ్గిపోతుంది. గ్లాసుడు పాలు తాగితే కొందరికి కడుపుబ్బరం వచ్చేది అందుకే. అరగని లాక్టోజ్ పెద్దపేగు దాకా వెళ్లి అక్కడి బ్యాక్టీరియాకు ఆహారమవుతుంది. వాటిలో ఈ.కోలై కూడా ఒకటి. అయితే దానికి లాక్టోజ్ రోజూ దొరికే తిండి కాదు. దొరికినప్పుడు విరగ్గొట్టుకోవాలంటే బీటా గెలాక్టోసిడేజ్ అనే ఎంజైము కావాలి. ఇది చిన్న ప్రొటీనేం కాదు; 1,023 అమైనో ఆమ్లాలున్న గొలుసులు నాలుగు కలిస్తేనే ఒక ఎంజైము తయారవుతుంది. లాక్టోజ్ లేని రోజుల్లో కూడా దీన్ని వేల సంఖ్యలో చేసుకుంటూ పోయే బ్యాక్టీరియా, ఆ ఖర్చు లేని పక్క బ్యాక్టీరియా కంటే వెనకబడుతుంది. మంచి ఆహారం దొరికితే 20 నిమిషాలకోసారి రెండుగా చీలే జీవుల పోటీ ఇది. కొద్దిపాటి వెనకబాటు చాలు, కొన్ని రోజుల్లో ఆ వంశమే తుడిచిపెట్టుకుపోతుంది.

జన్యువులోని సమాచారం ముందు ఆర్‌ఎన్‌ఏగా నకలవుతుంది. దీన్నే అనులేఖనం అంటారు. ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి రైబోజోములు ప్రొటీన్‌ను అల్లుతాయి. ఈ దారిలో ఎక్కడైనా ఆపవచ్చు: నకలు సగంలో ఉండగా ఆపవచ్చు, తయారైన ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేయవచ్చు, ప్రొటీన్ తయారయ్యాక దాన్నే నాశనం చేయవచ్చు. బ్యాక్టీరియా ఇవన్నీ చేస్తుంది. కానీ ఎక్కువ జన్యువుల విషయంలో అది పట్టుకునేది మొదటి అక్షరం దగ్గరే. ఎవరూ తినని పూట సాంబారు కాచి పారబోయడం కంటే పొయ్యి వెలిగించకపోవడమే మేలు కదా.

ఈ 'మొదలు' అనేది బయటికి ఒక్క క్షణంలా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే అందులో నాలుగైదు మెట్లు ఉన్నాయి. ప్రతి మెట్టు దగ్గరా ఏదో ఒక ప్రొటీన్ అడ్డుపడవచ్చు, లేదా చెయ్యందించవచ్చు. ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఈ మెట్ల గురించే.

నకలు రాసే యంత్రం పేరు ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్. ఇది కూడా ప్రొటీనే. ఆల్ఫాలు రెండు, బీటా, బీటా ప్రైమ్, ఒమేగా అనే అయిదు భాగాల కూర్పు. విచిత్రమేమిటంటే, ఈ అయిదు భాగాలూ కలిసి ఆర్‌ఎన్‌ఏను రాయగలవు గానీ ఎక్కడ మొదలుపెట్టాలో వాటికి తెలియదు. ఈ సంగతి 1969లో బయటపడింది. అమెరికాలో రిచర్డ్ బర్జెస్, ఆండ్రూ ట్రావర్స్ తదితరులు ఈ.కోలై పాలిమరేజ్‌ను శుద్ధి చేస్తుండగా ఒక చిక్కు ఎదురైంది. ఒక రకం రసాయన గొట్టం గుండా పంపి శుద్ధి చేసిన పాలిమరేజ్, దూడ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏను బాగానే నకలు చేస్తోంది. టీ4 అనే వైరస్ డీఎన్‌ఏ ఇస్తే మాత్రం దాదాపు చేతులెత్తేస్తోంది. దూడ డీఎన్‌ఏ అప్పటికే అక్కడక్కడా తెగి ఉంటుంది, ఆ తెగిన చోట్ల యంత్రం ఎలాగోలా మొదలుపెట్టేస్తుంది. చెక్కుచెదరని వైరస్ డీఎన్‌ఏ మీద సరైన చోటు వెతుక్కోవాలి. శుద్ధిలో విడిపోయిన మరో భాగాన్ని తిరిగి కలపగానే పాలిమరేజ్‌కు పాత సత్తా వచ్చేసింది. ఆ విడిపోయిన భాగమే సిగ్మా. యంత్రానికి మొదలుపెట్టే చోటు చూపించేది అదే.

సిగ్మా దేన్ని చూసి గుర్తుపడుతుంది? నకలులో మొదటి అక్షరం పడే చోటును +1 అనుకుంటే, దానికి ముందు పది అక్షరాల అవతల ఒక గుర్తు, 35 అక్షరాల అవతల ఇంకో గుర్తు ఉంటాయి. ఈ రెండూ ఉన్న ప్రాంతాన్ని ప్రమోటర్ అంటారు. పది దగ్గరి గుర్తు ఆదర్శంగా టీఏటీఏఏటీ, 35 దగ్గరిది టీటీజీఏసీఏ. రెండింటి మధ్య 17 అక్షరాల ఎడముంటే శ్రేష్ఠం. 'ఆదర్శంగా' అనడానికి కారణముంది. సరిగ్గా ఇదే వరస ఉన్న ప్రమోటర్లు ఈ.కోలైలో చాలా అరుదు. కొన్ని అక్షరాలు తేడాగా ఉంటాయి. ఆ తేడాలు పొరపాట్లు కావు. వరస ఆదర్శానికి ఎంత దగ్గరగా ఉంటే ప్రమోటర్ సాధారణంగా అంత బలమైనది, అంత తరచుగా నకలు మొదలవుతుంది. వేగంగా పెరిగే కణంలో రైబోజోముల ఆర్‌ఎన్‌ఏకు సంబంధించిన ప్రమోటర్ల దగ్గర దాదాపు సెకనుకొక నకలు మొదలవుతుంది. కొన్ని బలహీనమైన ప్రమోటర్ల దగ్గర తరానికి ఒకటో రెండో. ఈ వేల రెట్ల తేడాలో చాలా భాగం ఏ కాపలాదారూ లేకుండానే, ఉత్త అక్షరాల వరస వల్లే వస్తోందన్నమాట.

ఇప్పుడు మెట్లు. మొదట సిగ్మాతో కూడిన పాలిమరేజ్ ప్రమోటర్ మీద వాలుతుంది. అప్పటికి డీఎన్‌ఏ రెండు పోగులూ పెనవేసుకునే ఉంటాయి. తర్వాత పది దగ్గరి గుర్తు చోట పోగులు విడతాయి. అక్కడ ఏ, టీలు ఎక్కువగా ఉండటం ఊరికే కాదు. జీ-సీ జతను మూడు హైడ్రోజన్ బంధాలు పట్టి ఉంచితే ఏ-టీ జతను రెండే పట్టి ఉంచుతాయి. విడదీయడం సులువు. సిగ్మా ఆ గుర్తులోని రెండు అక్షరాలను బయటికి తిప్పి తన లోపలి గుంటల్లో బిగించుకుంటుంది. అలా పదమూడు అక్షరాల మేర డీఎన్‌ఏ తెరుచుకుంటుంది. మూడో మెట్టులో రాత మొదలవుతుంది. కానీ వెంటనే సాఫీగా సాగదు. రెండు మూడు అక్షరాలు, అయిదారు అక్షరాలు రాసి వదిలేయడం, మళ్లీ మొదలుపెట్టడం జరుగుతుంది. ఈ వ్యర్థ ప్రయత్నాలు చాలా ప్రమోటర్ల దగ్గర మామూలే. ఆ సమయంలో యంత్రం ప్రమోటర్‌ను వదలకుండానే ముందున్న డీఎన్‌ఏను తనలోకి లాక్కుంటూ ఉంటుంది. లోపల ఒత్తిడి పెరిగి పెరిగి, పది పన్నెండు అక్షరాలు దాటాక ఆఖరి మెట్టు వస్తుంది. ప్రమోటర్‌తో ఉన్న పట్టు తెంపుకుని యంత్రం ముందుకు కదులుతుంది. ఆ తర్వాత సెకనుకు 40, 50 అక్షరాల చొప్పున పరుగే. మూడు వేల పైచిలుకు అక్షరాలున్న బీటా గెలాక్టోసిడేజ్ జన్యువు నకలు పూర్తి కావడానికి నిమిషానికి కాస్త ఎక్కువ పడుతుంది.

వాలడం, విప్పడం, తడబడుతూ రాయడం, వదిలి కదలడం. ఈ నాలుగూ గుర్తుంచుకుంటే మిగతా కథ పట్టుబడుతుంది.

ఆ కథ మొదలైంది యుద్ధకాలపు పారిస్‌లో. జర్మన్ల ఆక్రమణలో ఉన్న ఆ నగరంలో ఝాక్ మొనో అనే యువ శాస్త్రవేత్త, ఈ.కోలైకి గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ కలిపి ఇచ్చి, పెరుగుదలను కొలిచాడు. బ్యాక్టీరియా ముందు గ్లూకోజ్ అంతా తినేసింది. అది అయిపోగానే పెరుగుదల కాసేపు నిలిచిపోయింది. ఆ తర్వాత లాక్టోజ్ మీద మళ్లీ పెరగడం మొదలైంది. గీత గీస్తే రెండు ఎత్తులు, మధ్యలో ఒక చదును. ఆ చదునులో ఏం జరుగుతోందన్న ప్రశ్న ఆయన్ను ఇరవై ఏళ్లు వదల్లేదు. మధ్యలో నాజీలపై రహస్య ప్రతిఘటన ఉద్యమంలో పనిచేశాడు. తర్వాత పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆయనతో కలిసిన ఫ్రాన్స్వా జాకోబ్‌ది మరో గాథ. శస్త్రవైద్యుడు కావాలనుకుని, యుద్ధానికి వెళ్లి, 1944లో నార్మండీలో తీవ్రంగా గాయపడి, ఆ కల వదులుకుని జీవశాస్త్రంలోకి వచ్చినవాడు.

ఆర్థర్ పార్డీ అనే అమెరికన్ శాస్త్రవేత్తతో కలిసి వీళ్లు చేసి, 1959లో ప్రచురించిన ప్రయోగం నాకు జీవశాస్త్రంలోకెల్లా అందమైన ప్రయోగాల్లో ఒకటిగా అనిపిస్తుంది. అప్పటికి కొన్ని వింత ఈ.కోలై రకాలు దొరికాయి. వీటిలో 'ఐ' అనే జన్యువు చెడిపోయింది. లాక్టోజ్ ఉన్నా లేకపోయినా ఇవి ఎంజైమును చేస్తూనే ఉంటాయి. కొన్ని బ్యాక్టీరియాలు తమ డీఎన్‌ఏని పక్కదానికి ఎక్కించగలవు. ఎంజైము జన్యువూ, 'ఐ' జన్యువూ రెండూ చెడిపోయిన బ్యాక్టీరియాలోకి ఆ రెండూ బాగున్న డీఎన్‌ఏని ఎక్కించారు. లాక్టోజ్ లాంటిదేదీ వేయలేదు. డీఎన్‌ఏ లోపలికి వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే ఎంజైము తయారీ పూర్తి వేగంతో మొదలైంది. గంటా గంటన్నర గడిచేసరికి ఆగిపోయింది! అప్పుడు లాక్టోజ్ లాంటి ప్రేరకం వేస్తే మళ్లీ మొదలైంది.

దీని అర్థమేమిటి? 'ఐ' జన్యువు ఎంజైము తయారీని నడిపించేదే అయితే ఆరంభంలో ఆలస్యం ఉండాలి, తర్వాత వేగం పెరగాలి. ఇక్కడ జరిగింది తలకిందులుగా. కొత్త ఇంట్లోకి వచ్చిన ఎంజైము జన్యువుకు మొదట్లో అడ్డుపడేవాళ్లెవరూ లేరు. 'ఐ' జన్యువు నెమ్మదిగా తన సరుకు తయారుచేసి, అది కణమంతా పరుచుకున్నాక తయారీ ఆగింది. అంటే 'ఐ' చేసేది ఆపే పదార్థం. దానికి రెప్రెసర్ అని పేరు పెట్టారు. లాక్టోజ్ చేసే పని జన్యువును లేపడం కాదు, దాన్ని అణచిపెట్టినదాన్ని పక్కకు తప్పించడం. అదే దారిలో వాళ్లు ఇంకో తర్కం కూడా చేశారు. రెప్రెసర్ ఎక్కడో కూర్చోవాలి కదా. ఆ చోటు చెడిపోతే, ఆ డీఎన్‌ఏకి తగిలి ఉన్న జన్యువు ఒక్కటే అదుపు తప్పాలి. కణంలో వేరే డీఎన్‌ఏ మీదున్న అదే జన్యువు మామూలుగానే ఉండాలి. వెతికితే సరిగ్గా అలాంటి రకాలే దొరికాయి. ఆ చోటుకు ఆపరేటర్ అని పేరు. 1961లో వచ్చిన వాళ్ల సమగ్ర వ్యాసానికి, ఇతర కృషికి జాకోబ్, మొనో, వాళ్ల గురుతుల్యుడు ఆంద్రే ల్వోఫ్ 1965లో నోబెల్ అందుకున్నారు.

అప్పటికి రెప్రెసర్‌ను కళ్లతో చూసినవాళ్లు లేరు. అది ఆర్‌ఎన్‌ఏ అయివుండవచ్చని జాకోబ్, మొనోలే 1961లో అనుకున్నారు. హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ 1966లో దాన్ని పట్టుకున్నారు. కణానికి పది చొప్పున మాత్రమే ఉండే ప్రొటీన్‌ను రెండు మూడు వేల రకాల ఇతర ప్రొటీన్ల మధ్య ఎలా వెతకడం? ఎంజైముతో విరగని కృత్రిమ ప్రేరకం ఐపీటీజీని రేడియోధార్మికంగా చేసి వాడారు. బ్యాక్టీరియా రసాన్ని సన్న రంధ్రాల పొర సంచిలో పోసి, ఆ సంచిని ఐపీటీజీ ద్రావణంలో ఉంచారు. చిన్న అణువైన ఐపీటీజీ పొర గుండా అటూ ఇటూ తిరుగుతుంది. ప్రొటీన్ లోపలే ఉండిపోతుంది. లోపల ఐపీటీజీని పట్టుకునేదేదైనా ఉంటే బయటి కంటే లోపల రేడియోధార్మికత కాస్త ఎక్కువ కనబడాలి. ఐపీటీజీని గట్టిగా పట్టుకునే రెప్రెసర్ ఉన్న ఒక ప్రత్యేక రకం ఈ.కోలైని వెతికి వాడాక ఆ 'కాస్త ఎక్కువ' కనబడింది. దాన్ని పట్టుకుని శుద్ధి చేసుకుంటూ పోతే తేలింది ప్రొటీన్. కొద్ది నెలల తేడాతో, అక్కడే మార్క్ టాష్నీ లాంబ్డా వైరస్ రెప్రెసర్‌ను వేరుచేశాడు. అదీ ప్రొటీనే. 1973లో గిల్బర్ట్, అలన్ మాక్సమ్ ఆపరేటర్ అక్షరాలను చదివారు. మొత్తం 24 జతలు. ఇవాళ గంటల్లో కోట్ల అక్షరాలు చదివేస్తున్న మనకు ఆ 24 కోసం వాళ్లు పడ్డ పాట్లు ఊహకందవు.

రెప్రెసర్ అంటే 360 అమైనో ఆమ్లాల గొలుసులు నాలుగు కలిసిన ప్రొటీన్. గొలుసులు రెండు రెండుగా జతపడి, ఒక్కో జత ఒక్కో ఆపరేటర్‌ను పట్టుకోగలదు. ముఖ్యమైన ఆపరేటర్ +1 దాటీదాటగానే ఉంటుంది. అంటే పాలిమరేజ్ కాలు మోపాల్సిన చోటు మీదే రెప్రెసర్ కూర్చుంటుంది. ఇది కాక ఇంకో రెండు సహాయక ఆపరేటర్లున్నాయి, ఒకటి 92 అక్షరాలు వెనక, ఇంకొకటి 401 అక్షరాలు ముందు. ఒంటరిగా అయితే ఇవి బలహీనమైనవే. కానీ రెప్రెసర్ ఒక జతతో ముఖ్యమైన చోటునూ రెండో జతతో వీటిలో ఒకదాన్నీ పట్టుకుంటే మధ్యలో డీఎన్‌ఏ మెలిక పడుతుంది. ఒక పట్టు జారినా రెండోది ఉంటుంది కాబట్టి రెప్రెసర్ దూరంగా కొట్టుకుపోదు, వెంటనే మళ్లీ పట్టుకుంటుంది. ముల్లర్-హిల్ బృందం 1990లో ఈ సహాయక చోట్లు రెండింటినీ చెరిపి చూసింది. మామూలుగా 1,300 రెట్లు ఉండే అణచివేత 18 రెట్లకు పడిపోయింది. కణంలో పది ప్రొటీన్లతోనే ఇంత గట్టి కాపలా సాధ్యమవుతున్నది ఈ మెలిక వల్లే.

46 లక్షల అక్షరాల్లో తన 24 అక్షరాలను రెప్రెసర్ ఎలా వెతుక్కుంటుంది? అది డీఎన్‌ఏ మీద ఎక్కడ పడితే అక్కడ వదులుగా అతుక్కుని, కొంత దూరం జారి, వదిలి, మరోచోట పడుతుంది. 2007లో హార్వర్డ్‌లో సన్నీ షీ బృందం రెప్రెసర్‌కు వెలుగునిచ్చే ప్రొటీన్‌ను తగిలించి బతికున్న ఈ.కోలైలో దాని కదలికలు చూసింది. ఎక్కువ సమయం అది డీఎన్‌ఏకి అంటిపెట్టుకునే తిరుగుతోంది. ఒక్క రెప్రెసర్ అణువు తన చోటుకు చేరడానికి మహా అయితే ఆరు నిమిషాలు. పది ఉన్నాయి కాబట్టి అర నిమిషంలో ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుంది.

లాక్టోజ్ వచ్చినప్పుడు రెప్రెసర్‌ను కదిలించేది నిజానికి లాక్టోజ్ కాదు, దాని రూపాంతరమైన అల్లోలాక్టోజ్. దాన్ని తయారుచేసేది బీటా గెలాక్టోసిడేజే. లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే పర్మియేజ్ ప్రొటీన్ కూడా ఇదే వరసలోని జన్యువు సరుకు. తలుపు తీయడానికి కావలసిన తాళంచెవి గది లోపలే ఉన్నట్టు అనిపిస్తుంది కానీ ఇబ్బందేమీ లేదు. అణచివేత ఎప్పుడూ నూటికి నూరు పాళ్లు ఉండదు. రెప్రెసర్ జారిన కొద్ది క్షణాల్లో అప్పుడప్పుడూ ఒక నకలు తయారవుతుంది, కణాల్లో ఆ ఎంజైములు అరకొరగానైనా మిగులుతాయి. ఆ లోపం లేకపోతే లాక్టోజ్ ముందున్నా బ్యాక్టీరియాకు ఆ సంగతి తెలిసేది కాదు.

మన బైపీసీ పిల్లలు నీట్ కోసం లాక్ ఒపెరాన్ అనే ఈ జన్యువుల వరస బొమ్మ గీసేది ఇక్కడిదాకానే. ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకం అణచివేతను చెప్పి, ప్రోత్సాహక నియంత్రణ కూడా ఉందిగానీ ఈ స్థాయికి అక్కర్లేదని వదిలేస్తుంది. నా దృష్టిలో అది పిల్లలకు చేసే అన్యాయమే. సగం కథ అక్కడే ఉంది మరి. లాక్ ప్రమోటర్ గుర్తులు ఆదర్శానికి కొంత దూరం. రెప్రెసర్ తప్పుకున్నా పాలిమరేజ్ అక్కడ గట్టిగా నిలవలేదు. దానికి సాయంగా క్యాప్ అనే ప్రొటీన్ రావాలి. క్యాప్ ప్రమోటర్‌కు కాస్త వెనక, +1 నుంచి 60 అక్షరాల దూరంలో కూర్చుని డీఎన్‌ఏని దాదాపు 90 డిగ్రీలు వంచి, పాలిమరేజ్ ఆల్ఫా భాగపు చివరను పట్టుకుంటుంది. అంటే మొదటి మెట్టు దగ్గర, వాలడం దగ్గర, చేసే సాయం ఇది. క్యాప్ డీఎన్‌ఏను పట్టుకోవాలంటే సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు దానికి అతుక్కోవాలి. గ్లూకోజ్ పుష్కలంగా ఉన్నప్పుడు అది కణంలో తగ్గుతుంది, గ్లూకోజ్ అయిపోతే పెరుగుతుంది. ఈ సైక్లిక్ ఏఎంపీ తయారయ్యేది కణం శక్తి కోసం ఖర్చు చేసే ఏటీపీ నుంచి. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కండరాల్లో ఆ ఏటీపీని కనుగొన్నది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే పదార్థాన్ని పట్టుకున్నాడు.

మొనో గీతలోని ఆ చదును మొత్తం సైక్లిక్ ఏఎంపీ వల్లే వస్తుందని చాలా పుస్తకాలు ఇప్పటికీ రాస్తున్నాయి. అది పూర్తి నిజం కాదు. గ్లూకోజ్ లోపలికి వస్తున్నంతసేపూ దాన్ని మోసే వ్యవస్థలోని ఒక ప్రొటీన్ లాక్టోజ్ పర్మియేజ్‌ను అడ్డుకుంటుంది. లాక్టోజ్ లోపలికే రాదు, అల్లోలాక్టోజ్ పుట్టదు, రెప్రెసర్ కదలదు. గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉన్నప్పుడు ఈ అడ్డే ముఖ్య కారణమని తర్వాతి ప్రయోగాలు తేల్చాయి.

రెప్రెసర్లన్నీ ఒకే తీరు కాదు. ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారీ జన్యువుల రెప్రెసర్ దీనికి పూర్తి వ్యతిరేకం: ట్రిప్టోఫాన్ అతుక్కుంటేనే అది డీఎన్‌ఏను పట్టుకుంటుంది. సరుకు చాలినంత ఉంది కాబట్టి తయారీ ఆపు అని అర్థం.

రెండో మెట్టు, అంటే పోగులు విప్పే దగ్గర, పనిచేసే ప్రొటీన్లు ఇంకా ఆశ్చర్యపరుస్తాయి. పాదరసం విషాన్ని తట్టుకునే బ్యాక్టీరియాలో మెర్-ఆర్ అనే ప్రొటీన్ ఉంది. దాని ప్రమోటర్‌లో రెండు గుర్తుల మధ్య 17కి బదులు 19 అక్షరాల ఎడం. డీఎన్‌ఏ మెలితిరిగిన నిచ్చెన కాబట్టి, రెండక్షరాలు పెరిగితే రెండు గుర్తులూ ఒకే వైపుకు చూడవు. పాలిమరేజ్ వచ్చి వాలుతుంది, విప్పలేక అక్కడే ఆగుతుంది. పాదరసం అయాన్ మెర్-ఆర్‌కు తగలగానే అది డీఎన్‌ఏ మెలికను కాస్త సడలించి రెండు గుర్తులనూ సరైన వైపుకు తిప్పుతుంది. ఎదురుచూస్తున్న యంత్రం వెంటనే పోగులు విప్పి రాయడం మొదలుపెడుతుంది.

సిగ్మా కూడా ఒక్కటే కాదు. ఈ.కోలైలో ఏడు ఉన్నాయి. రోజువారీ జన్యువులకు ఒకటి, వేడి తగిలినప్పుడు ప్రొటీన్లను కాపాడే జన్యువులకు ఒకటి, ఆకలిరోజులకు ఒకటి. వీటిలో సిగ్మా-54 ప్రత్యేకం. దీనితో వాలిన పాలిమరేజ్ తనంతట తాను పోగులు విప్పలేదు. వంద అక్షరాలకు పైగా దూరంలో కూర్చున్న మరో ప్రొటీన్ ఏటీపీని ఖర్చు చేసి దాన్ని విప్పించాలి. అనంతపురం జిల్లా రైతుకు దీనితో నేరుగా సంబంధముంది. వేరుశనగ మొక్కను పీకి, వేరు మీది బుడిపెను గిల్లి చూడండి, లోపల గులాబీ ఎరుపు కనిపిస్తుంది. అందులో ఉండే బ్రాడీరైజోబియం బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని మొక్కకు పనికొచ్చేలా మారుస్తుంది. ఆ పనిచేసే ఎంజైము ప్రాణవాయువు తగిలితే పాడైపోతుంది, పైగా దానికి ఏటీపీ విపరీతంగా కావాలి. కాబట్టి బుడిపెలో ప్రాణవాయువు బాగా తగ్గినప్పుడే ఆ జన్యువులు పనిలోకి దిగాలి. సిగ్మా-54కు ఏటీపీతో పోగులు విప్పించే నిఫ్-ఏ ప్రొటీన్ ఈ బ్యాక్టీరియాలో ప్రాణవాయువు ఎక్కువైతే పనిచేయదు. ఎకరా చేనులో పడే నత్రజనిలో కొంత భాగం ఇలా ఒక ప్రొటీన్, ఒక ప్రమోటర్ దగ్గర తీసుకునే నిర్ణయం మీద ఆధారపడి ఉంది.

అసలు డీఎన్‌ఏ జోలికి వెళ్లకుండా పాలిమరేజ్‌నే పట్టుకునేవీ ఉన్నాయి. అమైనో ఆమ్లాలు కరువైనప్పుడు కణంలో పీపీజీపీపీ అనే చిన్న అణువు పోగుపడుతుంది. అది డీకేఎస్-ఏ అనే ప్రొటీన్‌తో కలిసి పాలిమరేజ్‌కు అంటుకుంటుంది. రైబోజోమ్ జన్యువుల ప్రమోటర్ల దగ్గర తెరుచుకున్న డీఎన్‌ఏ అసలే నిలకడ లేనిది, ఈ జంట అంటుకుంటే వెంటనే మూసుకుపోతుంది. కరువులో కొత్త రైబోజోముల ఖర్చు అలా ఆగుతుంది. ఈ అణువు పాలిమరేజ్‌లో ఎక్కడ అతుక్కుంటుందన్న ప్రశ్న మీద 1990లలో హైదరాబాద్ సీసీఎంబీలో దీపాంకర్ చటర్జీ పనిచేశారు.

మూడో మెట్టు దగ్గరికి వచ్చేసరికి ఇది ప్రయోగశాల సంగతి కాకుండా పోతుంది. క్షయకు వాడే ప్రధాన మందు రిఫాంపిసిన్ పనిచేసేది అక్కడే. అది పాలిమరేజ్ బీటా భాగంలో, కొత్త ఆర్‌ఎన్‌ఏ బయటికి వచ్చే దారిలో ఇరుక్కుంటుంది. యంత్రం వాలుతుంది, పోగులు విప్పుతుంది, రెండో మూడో అక్షరాలు రాస్తుంది. నాలుగో అక్షరానికి దారి లేదు. మన కణాల పాలిమరేజ్‌ల నిర్మాణం వేరు కాబట్టి మామూలు మోతాదులో అవి ఈ మందుకు లొంగవు. క్షయ బ్యాక్టీరియాలో డీఎన్‌ఏను తెరిచి ఉంచడానికి కార్-డి, ఆర్‌బీపీ-ఏ అనే రెండు ప్రొటీన్లు తప్పనిసరి, ఇవి ఈ.కోలైలో లేవు. కొత్త మందులకు అవీ గురి కావచ్చని పరిశోధకులు చూస్తున్నారు.

బీటా జన్యువులో ఒక్క అక్షరం మారినా రిఫాంపిసిన్ ఇరుక్కునే చోటు ఆకారం మారిపోవచ్చు. రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ రకాల్లో 95 శాతానికి పైగా ఆ మార్పు 81 అక్షరాల చిన్న ప్రాంతంలోనే ఉంటుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కళ్లె తీసుకుని చేసే సీబీనాట్, ట్రూనాట్ పరీక్షలు వెతికేది ఆ అక్షరాలనే. అలాంటి మార్పు వచ్చిన బ్యాక్టీరియా కోట్లలో ఒకటి రెండు ఎప్పుడూ ఉండవచ్చు. అందుకే క్షయకు ఒక్క మందు ఇవ్వరు, కొన్ని కలిపి ఇస్తారు. మామూలుగా ఆరు నెలలు వాడమంటారు. మధ్యలో మానేసినా, కొన్ని మాత్రలే మింగినా, మార్పు వచ్చినవి మిగిలి పెరిగే అవకాశం ఇచ్చినట్టే. ఆ తర్వాత చికిత్స ఇంకా కష్టం. ఈ మందు మొదలుపెట్టాక మూత్రం నారింజ రంగుకు మారడం మామూలే, దానికి భయపడి ఆపక్కర్లేదు. కళ్లు పచ్చబడినా, వాంతులు ఆగకపోయినా మాత్రం సొంతంగా ఏదీ తేల్చుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించండి. మీ ఇంట్లోనో వీధిలోనో క్షయ మందు వాడుతున్నవాళ్లుంటే, రెండో నెలలో ఒళ్లు తేలికపడి దగ్గు తగ్గిందని మాత్రలు మానేయనివ్వకండి. ప్రభుత్వ కేంద్రాల్లో ఈ మందులు పూర్తిగా ఉచితం.